మంట లేని కొలిమి

మా చిన్నతనంలో కోయంబత్తూరు వీధుల్లో మధ్యాహ్నం వేళ ఒక కేక వినిపించేది. ఈయం పూసే మనిషి భుజాన సంచీ, చేత తిత్తి పట్టుకొని వచ్చేవాడు. అతడు అరవంలో కేక వేసేవాడు. మా అవ్వ తెలుగులో బేరమాడేది. బేరం ఏ భాషలో తెగేదో గాని, మొత్తానికి తెగేది. వేపచెట్టు కింద చిన్న గుంట తీసి, బొగ్గులు రాజేసి, తిత్తి ఊది, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. చిల్లిపడిన రాగి బిందెలకు మాటు వేసేవాడు. మాటు వేసిన బిందెలో అవ్వ నీళ్ళు పోయించి, పైకెత్తించి, అడుగున వేలితో తడిమి చూసేది. వేలికి తడి తగలకపోతేనే కొంగుముడి విప్పేది.

ఇవాళ ఆ మనిషి మా వీధికి రావడం లేదు. అయినా లోహానికి లోహం అతికే విద్య లోకంలో లేకుండా పోలేదు. వీధి విడిచి కార్ఖానాలలో చేరింది, అంతే. మన ఇంట్లో ఫ్రిజ్జు చల్లబడుతున్నా, ఆసుపత్రిలో మందులు చెడిపోకుండా ఉంటున్నా, ఎక్కడో ఎవరో వేసిన రాగి అతుకులు నిలబడినందువల్లనే. ఆ అతుకుల కథ మన పత్రిక చదివే కుటుంబాల వారికి నాలుగు మాటల్లో చెప్పాలని మాకు చాలాకాలంగా ఉన్నది.

మేము పీలమేడు పక్కన ఒక చిన్న కార్ఖానాలో గుమాస్తా పని చేస్తున్నాము. మా చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది. బిల్లులు, రవాణా చీటీలు, తిరిగి వచ్చిన సరుకు లెక్కలు మా వంతు. కార్ఖానాలో తయారయ్యేవి ఏసీ యంత్రాలకు, శీతల గిడ్డంగులకు కావలసిన రాగి గొట్టాల అమరికలు. వంచిన గొట్టాలు, వాటికి ఇత్తడి వాల్వులు, అక్కడక్కడ అతుకులు. చూడడానికి అంతే. కాని ఆ గొట్టాల్లో వాయువు ఒత్తిడితో తిరుగుతూ ఉంటుంది. అతుకులో కంటికి కనబడనంత సందు ఉన్నా చాలు, వాయువు కొద్దికొద్దిగా జారిపోతుంది. కొన్ని నెలల తర్వాత ఇంటివారు "ఏసీ చల్లదనం ఇవ్వడం లేదు" అని వాపోతారు. ఇప్పటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 అనే వాయువు కొంత మండే గుణం కలది. ఆర్-290 అని వాడేది సాక్షాత్తు ప్రొపేనే, వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. కాబట్టి ఈ అతుకు గట్టిదనం చల్లదనానికే గాక క్షేమానికి కూడా సంబంధించిన విషయం.

అతుకులో ఉన్న రహస్యం

లోహాలను అతకడంలో ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. రెండు ముక్కల అంచులనూ కరగించి ఒకటి చేస్తే అది వెల్డింగు. ముక్కలు కరగకుండా, వాటికంటె తక్కువ వేడికి కరిగే మరొక లోహాన్ని మధ్యకు పంపితే, 450 డిగ్రీల లోపు అయితే అది టంకం వేయడం. అంతకు మించితే బ్రేజింగు. రేడియోలో తీగలకు టంకం చాలు. ఒత్తిడికీ, అదురుకూ తట్టుకోవలసిన రాగి గొట్టాలకు బ్రేజింగు కావాలి.

ఒక గొట్టం కొసను మరొక గొట్టం నోటిలో దూర్చినప్పుడు రెంటి మధ్య కొద్ది సందు మిగులుతుంది. ఆ సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మొదలు ఎనిమిదో వంతు వరకు, అనగా ఇంచుమించు తలవెంట్రుక మందం మొదలు దానికి రెండింతల వరకు ఉండాలి. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్లు, కరిగిన లోహాన్ని ఆ సందే లోపలికి లాగుకొంటుంది. సందు మరీ బిగువైతే లోహం లోపలికి పోదు. మరీ వదులైతే నిలువదు. గొట్టానికి నూనె, మసి, చేతి జిడ్డు అంటి ఉంటే లోహం పట్టదు.

రాగికి రాగి అతికేటప్పుడు సాధారణంగా వాడే పుల్లలో రాగితోబాటు నూటికి ఏడు పాళ్ళ భాస్వరం ఉంటుంది. అది 710 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెట్టి, 800కు చేరువలో నీళ్ళలా పారుతుంది. రాగి గొట్టం కరిగేది 1085 డిగ్రీలకు. ఈ రెంటి నడుమ ఉన్న సుమారు మూడువందల డిగ్రీల ఎడమే పనివాడికి దొరికే వెసులుబాటు. ఆక్సిజన్, అసిటిలీన్ కలిపిన మంట వేడి 3000 డిగ్రీలు దాటుతుంది. అంత మంటను చేతబట్టి, గొట్టం కరగకుండా, పుల్ల కరిగేటట్లు నడపడం కత్తిమీద సాము.

మా కార్ఖానాలో ఆ సాము ముప్పై యేండ్లు చేసిన మేస్త్రి ఒకరున్నారు. మేము ఆయనను మామా అని పిలుస్తాము. గొట్టం ఏ ఎరుపుకు వచ్చినప్పుడు పుల్ల తాకించాలో ఆయనకు కళ్ళతోనే తెలుసు. పుల్లను మంటలో పెట్టరు. గొట్టాన్ని కాచి, గొట్టం వేడితోనే పుల్లను కరగనిస్తారు. కుర్రవాళ్ళకు ఈ ఒక్క మాట ఒంటబట్టడానికే ఆరు నెలలు పట్టేది.

ఇండక్షన్ యంత్రం

రెండేండ్ల క్రిందట యజమాని ఇండక్షన్ యంత్రం తెప్పించారు. బీరువా అంత పెట్టె, దాని ముందు రాగి గొట్టంతో చేసిన ఒక చుట్ట, కింద కాలితో తొక్కే మీట. మంట లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. అతకవలసిన గొట్టానికి పుల్లకు బదులు అదే లోహంతో చేసిన ఉంగరం తొడిగి, చుట్ట నడుమ నిలిపి మీట తొక్కితే, కొన్ని సెకండ్లలో గొట్టం ఎర్రబడుతుంది. ఉంగరం ఒక్కసారి మెరిసి, మాయమై, సందులోకి ఇంకిపోతుంది. మొదటిరోజు మేమందరమూ గారడీ చూసినట్లు చూశాము.

ఇది గారడీ కాదు. 1831లో లండనులో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు ఒక ఇనుప కడియానికి రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో విద్యుత్తును వదలి ఆపుతుంటే, దానితో ముడిపడని రెండవ చుట్టలో కూడా విద్యుత్తు పుడుతున్నదని కనిపెట్టాడు. ఈ సూత్రం మా ఊరికి పరాయిది కాదు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు 1937లో మా కోయంబత్తూరులో జి.డి.నాయుడు గారు, డి.బాలసుందరం నాయుడు గారు కలసి చేసినదని పేరు. మన పొలాల బావుల మీద తిరిగే మోటార్లు చాలావరకు ఫారడే సూత్రం మీదనే తిరుగుతాయి.

మా యంత్రంలో చుట్ట గుండా పారే విద్యుత్తు సెకండుకు కొన్ని వేలసార్లు దిక్కు మార్చుకొంటుంది. ఆ మార్పు వల్ల నడుమనున్న గొట్టంలో సుడులు తిరిగే విద్యుత్తు పుట్టి, గొట్టం తనంతట తానే లోపలినుంచి వేడెక్కుతుంది. ఇంటికి వచ్చే కరెంటు సెకండుకు 50 ఆవృత్తులు మాత్రమే. ఆ లెక్కన రాగిలో విద్యుత్తు తొమ్మిది మిల్లీమీటర్ల లోతు పరచుకొంటుంది. మా గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరు. సెకండుకు పదివేల ఆవృత్తులైతే ఆ లోతు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు దిగివస్తుంది. అప్పుడుగాని పలుచని గొట్టానికి వేడి పట్టదు.

మన ఆడవారికి దీనిలో ఒక భాగం వంటింట్లోనే తెలుసు. ఇండక్షన్ పొయ్యి మీద ఇనుప పెనం కాగుతుంది గాని రాగి చెంబు కాగదు. రాగి విద్యుత్తును అడ్డుపెట్టకుండా సాగనిస్తుంది. అడ్డు లేనిచోట వేడి తక్కువ. అందుకే రాగిని ఈ పద్ధతిలో కాచడానికి పెద్ద శక్తిగల యంత్రం కావాలి. ఇందులో ఒక వింత ఉన్నది. కాచే చుట్టా రాగిదే, కాగే గొట్టమూ రాగిదే. చుట్ట కరగకుండా ఉండడానికి దాని లోపల ఎడతెగకుండా నీళ్ళు పారుతుంటాయి. నీళ్ళు ఆగితే యంత్రమే ఆగిపోయేటట్లు ఏర్పాటు ఉన్నది. ఆ నీళ్ళు శుద్ధమైనవి కావాలి. ఉప్పుబావి నీళ్ళు పోస్తే లోపల గార కట్టి చుట్ట పూడుకుపోతుంది.

మా వల్ల జరిగిన పొరపాటు

యంత్రంతోబాటు ఇంగ్లీషులో ఒక సూచనల కాగితం వచ్చింది. పనివారికి అర్థమయ్యేటట్లు దానిని అరవంలోను తెలుగులోను వ్రాసి గోడకు అంటించమని యజమాని మాకు చెప్పారు. రెండు భాషలూ వచ్చునని మాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఒక్క మధ్యాహ్నంలో వ్రాసి అంటించాము.

మూడు నెలలకు ఒక ఖాతాదారు నుండి నలభై ఎనిమిది అమరికలు తిరిగి వచ్చాయి. అతుకులు కారుతున్నాయట. ఆ లెక్క పుస్తకంలో వ్రాసింది మేమే. ముసలివాడికి యంత్రం గిట్టదు, కావాలనే అశ్రద్ధ చేస్తున్నాడు, ఇక ఇంటికి పంపడం మేలు అన్న మాట ఆఫీసు గదిలో వినిపించింది. ఆ గదిలో మేమూ ఉన్నాము. ఏమీ అనలేదు.

సాయంకాలం మామ ఒక అతుకును రంపంతో నిలువునా కోసి తెచ్చి మా బల్లమీద పెట్టారు. తామరాకు మీద నీటిబొట్టులా లోహం ఇత్తడి మీద ముద్దకట్టి ఉన్నది. రాగిని పట్టింది, ఇత్తడిని సరిగా పట్టలేదు.

"ఏమప్పా, వచ్చినవన్నీ ఇత్తడి వాల్వులే. గోడ మీద కాగితం నువ్వు రాసిందే కదా?" అన్నారు.

"ఔను మామా."

"ఫ్లక్సు వద్దని రాసినావే, ఇంగ్లీషులో అట్లే ఉందా?"

సొరుగులోనుంచి అసలు కాగితం తీసి చూశాము. రాగికి రాగి అతికేటప్పుడు మాత్రమే ఫ్లక్సు అక్కరలేదని అందులో ఉన్నది. పుల్లలోని భాస్వరమే రాగి మీది మకిలిని తీసివేస్తుంది. ఇత్తడిలో తుత్తునాగం ఉంటుంది. దాని మకిలిని తీయడానికి భాస్వరం ఒక్కటే చాలదు, ఫ్లక్సు పూయాలి. వెనుకటి కంసాలులు వెలిగారం వేసేది కూడా ఇందుకే. మేము "రాగికి రాగి" అన్న రెండు మాటలు వదిలేశాము. కుర్రవాళ్ళు మా కాగితాన్ని నమ్మి ఇత్తడికి కూడా ఫ్లక్సు మానేశారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. మామ తనంతట తాను చెప్పే మనిషి కాడు. తెల్లవారి రెండు కాగితాలూ, కోసిన అతుకూ యజమాని ముందు పెట్టాము. ఆయన చాలాసేపు చూసి, "ఈసారి మేస్త్రి చెప్పగా నువ్వు రాయి" అన్నారు. అంతకంటె పెద్ద మందలింపు మాకు ఈ ఇరవై యేండ్ల ఉద్యోగంలో లేదు.

ఆయన చెప్పగా వ్రాసిన కాగితం ఇప్పుడు గోడ మీద ఉన్నది. ఇత్తడికి ఫ్లక్సు తప్పదు. పని కాగానే వేడినీళ్ళతో కడగాలి. ఇనుముకు భాస్వరం పుల్ల వాడరాదు, అతుకు పెళుసుబారుతుంది. పలుచని గొట్టం త్వరగా కాగుతుంది, మందమైన వాల్వు నిదానంగా కాగుతుంది గనుక చుట్టను వాల్వు వైపు జరపాలి. వంపులున్న గొట్టం చుట్టలోనుంచి బయటికి రాదు, దానికి లాడం ఆకారపు చుట్ట తగిలించాలి. చేతి ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టాలి. చుట్ట దగ్గర అవి కూడా కాలుతాయి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్నవారు దాపుకు రాకూడదు.

మామ ఇప్పుడు మంట పట్టడం లేదు. యంత్రం పక్కన కూర్చొని సందులు కొలుస్తారు, కోసిన అతుకులు చూపించి కుర్రవాళ్ళకు నేర్పుతారు. అయితే మరొక సంగతి కూడా వ్రాయకపోతే మా లెక్క సరికాదు. మంటతో నలుగురు చేసిన పని ఇప్పుడు ఇద్దరితో అవుతున్నది. తక్కిన ఇద్దరూ వేరే చోట్లకు పని వెదుక్కొంటూ పోయారు. ఒకరు ఏసీలు బిగించే పనిలో కుదురుకొన్నారని విన్నాము. ఇళ్ళ దగ్గరి పనికి ఎక్కువగా నేటికీ మంటే ఆధారం గనుక ఆయన విద్య వృథా పోలేదు. మన పిల్లల్లో చేతిపని మీద మనసున్నవారు ఐటీఐలో ఫ్రిజ్జు, ఏసీ మెకానిక్కు చదువు ఉన్నదని తెలుసుకోవడం మంచిది.

ఇంటివారికి రెండు మాటలు

మీ ఇంటికి ఏసీ గొట్టాలు అతకడానికి మనిషి వస్తే మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, అతికేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ వాయువును సన్నగా పారిస్తున్నారా అని. లేకపోతే వేడికి గొట్టం లోపలి గోడ నల్లబడి పొరలు కడుతుంది. ఆ పొరలు ఊడి సన్నని దారులను మూసివేస్తాయి. మంటతో చేసినా, యంత్రంతో చేసినా ఈ జాగ్రత్త తప్పదు. రెండవది, అతుకును దేనితో పరీక్షిస్తారు అని. నైట్రోజన్ ఒత్తిడితోనే పరీక్షించాలి. ఆక్సిజన్‌తో ఎన్నడూ వద్దు. యంత్రంలోని నూనెకు అది తగిలితే పేలిపోయే ప్రమాదం ఉన్నది.

పరీక్ష వేళ అతుకు చుట్టూ సబ్బునీళ్ళు పూసి బుడగ లేస్తుందేమో చూస్తారు. మా కార్ఖానాలో నేటికీ మామ ఆ పని ఇతరులకు వదలరు. సబ్బునీళ్ళు పూసి, కళ్ళజోడు సర్దుకొని, అతుకు దగ్గరికి మొగం పెట్టి ఒక నిమిషం కదలకుండా చూస్తారు. బుడగ లేవకపోతేనే మా వైపు తిరిగి తల ఊపుతారు. అప్పుడు మేము బిల్లు వ్రాస్తాము. అట్లా ఎదురుచూసినప్పుడల్లా బిందె అడుగున వేలితో తడిమి చూసిన మా అవ్వ మాకు జ్ఞాపకం వస్తుంది.