గడ్డినేలపై న్యాయపీఠము

యుద్ధము ముగిసెనని వినినంతనే శాంతి నెలకొన్నదని మనము తలంతుము. కాని, తన బిడ్డను జంపినవాడు ప్రక్కయింటనే వసించుచుండ, ఆ తల్లి నీళ్లకై వీధిలోని కెట్లు పోగలదు? వానిని విచారించుటకు న్యాయాధిపతియే లేనిచో ఆమె యెవరితో మొరపెట్టుకొనగలదు? ఈ చిక్కును విడదీసికొన రువాండా దేశము యత్నించిన తీరును, అందు స్త్రీలు వహించిన భారమును మా సోదరీమణులకు తెలుపగోరుచున్నాము.

రువాండా ఆఫ్రికా ఖండమధ్యమున నున్న చిన్న కొండల దేశము. 1994వ సంవత్సరము ఏప్రిలు మొదలు జూలై వరకు, ఇంచుమించు 100 దినములలో, అచట 8 లక్షలమంది హతులైరని ఐక్యరాజ్యసమితి లెక్క. పది లక్షలకు పైబడిరని ఆ దేశ ప్రభుత్వము చెప్పును. హతులలో అత్యధికులు టుట్సీలు. ఆ ఘోరమునకు సమ్మతింపని హుటూలును ప్రాణములు గోల్పోయిరి. చంపినవారిలో పెక్కండ్రు ఇరుగుపొరుగువారే.

న్యాయాధిపతులలో అనేకులు హతులైరి. మరికొందరు దేశము విడిచి పారిపోయిరి. కొలది యేండ్లలో చెరసాలలలో లక్షకు పైగా జనులు క్రిక్కిరిసిరి. 1996లో ప్రత్యేక శాసనము గావించి విచారణ లారంభించిరి గాని, ఆ నడకతో నూరేండ్లైనను అవి ముగియవని తేలెను.

అప్పుడు వారికి తమ పూర్వాచారము తోచెను. గచాచా యనగా గడ్డినేలపై పెద్దలు కూర్చుండి తగవులు తీర్చు సభ. మన రచ్చబండను బోలినది. పూర్వము అందు స్త్రీలకు తీర్పరుల స్థానము లేదు. 2001లో ఈ సభలకు శాసనాధికార మొసగి, ప్రజలచేత 2 లక్షల 50 వేలకు పైగా తీర్పరుల నెన్నుకొనిరి. వారిలో వేలకొలది స్త్రీలుండిరి! నేరము నొప్పుకొని క్షమాపణ వేడినవారికి శిక్ష తగ్గెను. కొందరు శిక్షలో కొంత భాగమును ప్రజోపయోగమైన పనులు చేసి తీర్చుకొనిరి. 2012 జూను 18వ తేదీన ఈ సభలు ముగియునప్పటికి 19 లక్షలకు పైగా వ్యవహారములు విచారింపబడెను. ఎందరో తల్లులకు తమ బిడ్డల కళేబరములు ఏ గోతిలో నున్నవో ఆ సభలలోనే తెలిసెను.

నాయకుల విచారణకై ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరూషా నగరమున వేరొక న్యాయస్థానము నెలకొల్పెను. అచట అకయేసు అను స్థానికాధికారిపై మొదట మోపిన నేరములలో స్త్రీల మానభంగము లేనేలేదు. సాక్ష్యమీయ వచ్చిన స్త్రీలు తాము చూచినదియు, అనుభవించినదియు నోరు విప్పి చెప్పిరి. ముగ్గురు న్యాయాధిపతులలో ఏకైక స్త్రీ, డర్బనునందు తమిళ కుటుంబమున జన్మించిన నవనీతం పిళ్లైగారు. 1997లో నేరపత్రము సవరింపబడెను. 1998 సెప్టెంబరు 2వ తేదీన, మానభంగమును జాతినిర్మూలనలో భాగము కావచ్చునని, ప్రపంచమున తొలిసారిగా ఒక అంతర్జాతీయ న్యాయస్థానము తీర్పు చెప్పెను.

అయినను లోపములు మరువరాదు. గచాచాలలో నిందితుల పక్షమున న్యాయవాదులు లేరు. గెలిచిన సైన్యమువారి దుష్కృత్యములు అచట విచారణకు రాలేదు. సాక్ష్యము చెప్పినందులకు ప్రాణములు గోల్పోయినవారును గలరు. మానభంగపు నేరములు తొలుత పెద్ద న్యాయస్థానములకే చెందియుండగా, 2008లో పెక్కింటిని గచాచాలకు మార్చిరి. తలుపులు మూసి విచారించినను, తీర్పరులు ఊరివారే గదా! ఇంతకాలము దాచుకొన్న వ్యథను వారియెదుట చెప్పుట ఆ స్త్రీల కెంత కష్టమో మనము ఊహింపగలము.

విధవల గతి మరియొకటి. భర్త పోయిన యింట భూమిపై స్త్రీకి హక్కు లేకుండుట పూర్వాచారము. 1999లో చేసిన శాసనముచే కుమార్తెలకు కుమారులతో సమముగా వారసత్వము లభించెను. హంతకునికి శిక్ష పడుట యెంత ముఖ్యమో, బ్రతికినదానికి నిలువనీడ దొరకుటయు అంతే ముఖ్యము.

శాసనములు పండితులు వ్రాయవచ్చును. న్యాయపీఠమును ప్రభుత్వము కట్టవచ్చును. కాని సాక్షి నోరు తెరువనిదే ఆ పీఠము శూన్యమని రువాండా స్త్రీలు చూపిరి. కావున, సోదరీమణులారా, మన వాడలో ఒక స్త్రీ తనకు జరిగిన యన్యాయమును చెప్పబూనినప్పుడు, ఆమెను వారింపక, నిందింపక, తుదివరకు విందము. ఆ మాత్రము చేయుటకు మనకు ఏ శాసనమును అక్కరలేదు.