ఫైబర్ నెట్‌వర్క్‌లో లోపాల గుర్తింపు: స్తంభం ఎక్కేముందే హెచ్చరికల పరిశీలన అవసరం

ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్ నెట్ సంస్థ మొదటి దశలో దాదాపు 24 వేల కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా ఏర్పాటు చేసింది. ఈ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఈ విధానం వల్ల వ్యయం, కాలం ఆదా అయినప్పటికీ, గాలివానలు, విరిగిపడే కొమ్మలు, వాహనాల తాకిడి కేబుల్‌పై నేరుగా ప్రభావం చూపుతాయి. గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిర్చి చేల మధ్య సాగే స్తంభాల వరుసలకు ఈ ముప్పు అధికం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది.

సేవలు నిలిచిన ప్రతిసారీ కేబుల్ తెగినట్లు భావించరాదు. విద్యుత్ సబ్ స్టేషన్‌లోని ప్రధాన పరికరం నుండి వెలువడే కాంతి, మార్గమధ్యంలో స్ప్లిటర్ ద్వారా విభజింపబడి పలు ఇళ్లకు చేరుతుంది. ఒక్క ఇంటిలోనే అంతరాయం ఏర్పడితే లోపం ఆ ఇంటి తీగలో గాని, బాక్సులో గాని ఉంటుంది. ఒకే స్ప్లిటర్ పరిధిలోని ఇళ్లన్నింటికీ ఒకేసారి అంతరాయం కలిగితే స్ప్లిటర్‌ను గాని, దానికి ముందున్న కేబుల్‌ను గాని పరిశీలించాలి.

అయితే కరెంటు పోయినా ఇళ్లన్నీ ఒకేసారి స్తంభించవచ్చు. విద్యుత్ సరఫరా ఆగినప్పుడు ఇంటి బాక్సు, ఆరిపోయే ముందు, ఆ విషయం తెలిపే తుది సందేశం పంపగలదు. ఆ సందేశం అందితే కేబుల్ కోసం వెతకవలసిన పని లేదు. సందేశం లేకుండా సంకేతం ఆగిపోయి, బాక్సుపై ఎర్రదీపం వెలుగుతుంటే కాంతి అందడం లేదని అర్థం.

కాంతి క్రమంగా తగ్గడం మరొక సూచన. 3 డెసిబెల్స్ తగ్గితే కాంతిశక్తి సగమైనట్లే. కేబుల్ వంపు, కనెక్టరుపై చేరిన దుమ్ము ఇందుకు సాధారణ కారణాలు.

కేబుల్ తెగిన చోటును ఓటీడీఆర్ పరికరం ద్వారా గుర్తిస్తారు. ఇది కాంతి తునకలను పంపి, తిరిగివచ్చే కాలాన్ని కొలుస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక 10 మైక్రోసెకన్ల వ్యవధి సుమారు 1 కిలోమీటరు దూరాన్ని సూచిస్తుంది. జాయింట్ల వద్ద చుట్టి ఉంచిన అదనపు కేబుల్ కారణంగా ఈ కొలత స్తంభాల మధ్య దూరం కంటే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల కేబుల్ పొడవును స్తంభాల సంఖ్యతో సరిచూసే రికార్డు తప్పనిసరి.

ఈ కేబుల్‌లో లోహం లేకపోయినా, అదే స్తంభంపై విద్యుత్ తీగలు ఉంటాయి. లైన్ క్లియర్ లేకుండా స్తంభం ఎక్కడం ప్రాణాపాయం. హెచ్చరికలను సక్రమంగా చదివితే అనవసరంగా స్తంభం ఎక్కవలసిన సందర్భాలు తగ్గుతాయి. ఫిర్యాదు చేసే వినియోగదారులు దీపం రంగు, అంతరాయం మొదలైన సమయం, పొరుగింటి పరిస్థితి తెలిపితే మరమ్మతు మరింత వేగవంతమవుతుంది.