డిజిటల్ ఫిల్టర్ మార్చా, సౌండ్ మారిపోయింది... అనుకున్నా!

ఆప్పో యూడీపీ-205. 2017లో వచ్చిన ఈ హై-ఎండ్ డిస్క్ ప్లేయర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వెంటనే కొనేశా. లోపల రెండు ఈఎస్9038ప్రో డాక్ చిప్‌లు. ఈ చిప్‌లో ఏకంగా 7 డిజిటల్ ఫిల్టర్లు ఉంటాయి. ఇంకేముంది, సెట్టింగ్స్ మెనూలోనే కాపురం పెట్టేశా!

అసలు ఈ ఫిల్టర్ ఏం చేస్తుంది?

సీడీలో సౌండ్ సెకనుకు 44,100 శాంపిల్స్‌గా ఉంటుంది. అంటే 22.05 కిలోహెర్ట్జ్ వరకే నిజమైన సౌండ్. డాక్ దాన్ని మళ్లీ అనలాగ్‌గా మార్చేటప్పుడు ఆ పైన అద్దంలో బొమ్మలా నకిలీ ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఉదాహరణకు 20 కిలోహెర్ట్జ్ టోన్‌కి 24.1 దగ్గర ఒక నకిలీ. వాటిని ఆపడమే ఫిల్టర్ పని.

లీనియర్ ఫేజ్ ఫాస్ట్: నకిలీలను గట్టిగా కోసేస్తుంది. కానీ డ్రమ్ దెబ్బ లాంటి సౌండ్‌కి ముందూ వెనకా సన్నటి రింగింగ్ వస్తుంది. గంట కొట్టకముందే మోగినట్టన్నమాట!

మినిమమ్ ఫేజ్ ఫాస్ట్: ముందు వచ్చే రింగింగ్‌ను వెనక్కి నెట్టేస్తుంది. బదులుగా పై ఫ్రీక్వెన్సీల టైమింగ్ కాస్త జరుగుతుంది.

స్లో రకాలు: రింగింగ్ తక్కువ. కానీ 20 కిలోహెర్ట్జ్ రాకముందే సౌండ్ తగ్గడం మొదలవుతుంది, కొన్ని నకిలీలు కూడా తప్పించుకుంటాయి.

నా పరువు పోయిన కథ

వారం రోజులు ఫిల్టర్లు మారుస్తూ నోట్స్ రాసుకున్నా. "స్లోలో వోకల్స్ మెత్తగా ఉన్నాయి", "ఫాస్ట్‌లో తబలా షార్ప్‌గా ఉంది"... ఇలా రెండు పేజీలు. మా తమ్ముడు వచ్చి వెనక కేబుల్ చూసి, "అన్నా, ఇది హెచ్‌డీఎంఐ కదా?" అన్నాడు.

అంతే! హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నలే. దాన్ని అనలాగ్‌గా మార్చేది నా ఏవీ రిసీవర్‌లోని డాక్. ప్లేయర్ ఫిల్టర్ అసలు దారిలోనే లేదు. మరి నేను విన్న తేడా? నా బుర్రలోది.

ఈసారి అనలాగ్ ఔట్‌పుట్‌కి మార్చి బ్లైండ్ టెస్ట్ పెట్టాం. తమ్ముడు నాణెం ఎగరేసి ఫాస్టో స్లోనో పెడతాడు, నేను స్క్రీన్ చూడకుండా చెప్పాలి. 10లో 6 కరెక్ట్. నాణేన్ని అడిగినా ఇంచుమించు అంతే చెప్పేది! 17 ఏళ్ల మావాడికి 8 వచ్చాయి. వయసు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు వినే శక్తి తగ్గుతుంది కాబట్టి కొట్టిపారేయలేం. అలాగని రుజువూ కాదు. 10లో కనీసం 9 వస్తే నమ్మొచ్చు, గుడ్డిగా చెప్తే అది దాదాపు 100లో ఒక్కసారే జరుగుతుంది.

మీరేం చేయాలి?

ముందు కేబుల్ చూడండి. తర్వాత కళ్లు మూసుకుని పరీక్షించండి. ఎల్‌జీ వీ30 లాంటి ఫోన్లలో ఉన్న షార్ట్, షార్ప్, స్లో ఆప్షన్లూ ఈ కోవలోవే, అక్కడ వైర్డ్ ఇయర్‌ఫోన్స్ ఉండాలి. తేడా తెలియకపోతే లీనియర్ ఫేజ్ ఫాస్ట్‌లో వదిలేసి, ఆ టైమ్‌లో స్పీకర్లు సరైన చోట పెట్టుకోండి. ఆ తేడా వినడానికి నాణెం అక్కర్లేదు!

నా రెండు పేజీల నోట్స్ మాత్రం ఇప్పుడు తమ్ముడి దగ్గరే ఉన్నాయి. ఎంతడిగినా ఇవ్వట్లేదు.