తెల్లకణం ఒంటి మీది లెక్క

మెదక్ పట్టణంలో జ్వరం తగ్గక ఆస్పత్రికి వెళ్లినవాళ్లకు డాక్టరు సాధారణంగా ముందు రాసేది సీబీపీ. కాస్త రక్తం తీసి ఊదా మూత గొట్టంలో పోసి యంత్రానికి అందిస్తే, తెల్లకణాలు ఎన్ని, వాటిలో న్యూట్రోఫిల్స్ ఎంత శాతం అన్నది కాసేపట్లో కాగితం మీదికి వస్తుంది. 2021 జూన్‌లో ప్రభుత్వం జిల్లాల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు తెరిచినప్పుడు తొలి విడత పందొమ్మిదింటిలో మెదక్ కూడా ఉంది. పల్లెల్లో తీసిన రక్తానికి ఇక్కడే, పైసా ఖర్చు లేకుండా పరీక్ష జరగడం చిన్న సంగతి కాదు.

అయితే సీబీపీ చెప్పేది తలల లెక్క. న్యూట్రోఫిల్స్ పెరిగాయంటే ఒంట్లో బాక్టీరియా చేరిందనే కాదు. ఆపరేషన్ అయినా, ఒళ్లు కాలినా, స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నా పెరుగుతాయి. ఆ కణాలు నిజంగా సూక్ష్మజీవితో తలపడుతున్నాయా అన్నది తెలియాలంటే వాటి ఒంటి మీద చూడాలి. అక్కడ ఉన్న యాంటీబాడీ గ్రాహకాలను లెక్కపెట్టే యంత్రం ఫ్లో సైటోమీటర్.

యాంటీబాడీకి రెండు చేతులు, ఒక తోక. చేతులతో సూక్ష్మజీవిని పట్టుకుంటుంది, తోక బయటికి మిగులుతుంది. ఆ తోకను అందుకునే ప్రొటీన్లే ఈ గ్రాహకాలు. వీటిలో సీడీ16, సీడీ32 అనేవి యాంటీబాడీలు గుంపుగా పేరుకున్నప్పుడే గట్టిగా పట్టుకుంటాయి. సీడీ64 మాత్రం ఒంటరి యాంటీబాడీని కూడా వదలదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి న్యూట్రోఫిల్ మీద సీడీ16 దండిగా ఉంటుంది. సీడీ64 ఉండీ లేనట్టే, కణానికి రెండు వేల లోపు. రక్తంలోకి బాక్టీరియా చేరితే ఇంటర్ఫెరాన్ గామా, జీసీఎస్ఎఫ్ వంటి సంకేతాలు న్యూట్రోఫిల్‌ను తాకుతాయి, కొద్ది గంటల్లోనే సీడీ64 అయిదు రెట్లు, పది రెట్లు పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌ను తొందరగా గుర్తించాలనుకునే వైద్యుల చూపు ఈ గ్రాహకం మీద నిలిచింది అందుకే.

యంత్రం కథ 1934లో మాంట్రియల్‌లో మొదలైంది. సన్నని గాజు గొట్టంలో కణాలను నడిపించి, మైక్రోస్కోపు కింద కాంతితో లెక్కపెట్టవచ్చని ఆండ్రూ మోల్డవాన్ రాశాడు. గొట్టం సన్నగా ఉంటే కణాలు ఇరుక్కునేవి, వెడల్పు చేస్తే రెండు మూడు కలిసి దాటేవి. షికాగోలో వాలెస్ కూల్టర్ కాంతిని వదిలి కరెంటును నమ్ముకున్నాడు. ఉప్పు ద్రావణంలో చిన్న రంధ్రం గుండా కణం దాటుతుంటే విద్యుత్ నిరోధం ఒక్క క్షణం పెరుగుతుంది. ఆ కుదుపులను లెక్కపెడితే చాలు. 1953లో ఆయనకు పేటెంటు వచ్చింది. నేటి సీబీపీ యంత్రాల్లో చాలావాటి గుండె ఇదే.

అదే 1953లో లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో క్రాస్‌లాండ్ టేలర్ మోల్డవాన్ చిక్కు విప్పాడు. కణాలున్న ద్రవాన్ని సన్నని ధారగా వదిలి, దాని చుట్టూ మరో ద్రవాన్ని వేగంగా నడిపించాడు. రెండూ కలవవు, బయటి ద్రవం లోపలి ధారను ఇంకా సన్నగా నొక్కుతుంది. క్రిస్మస్ నాడు మెదక్ చర్చి దగ్గరి జనసందోహం ఇరుకు గేటులోంచి ఒక్కొక్కరుగా బయటికి వచ్చినట్టు, కణాలు వరుసగా వస్తాయి. గోడలు తగలవు కాబట్టి ఇరుక్కునే బెడదా లేదు. ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఆలోచన ఇదే.

ఆ తర్వాత అడుగులు వడిగా పడ్డాయి. 1965లో లాస్ అలమోస్‌లో మ్యాక్ ఫుల్వైలర్ కణాలను చుక్కల్లో బంధించి వేరు చేశాడు. 1968లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో వోల్ఫ్‌గాంగ్ గోడె మెరిసే రంగులను చదివే యంత్రం కట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో లెన్ హెర్జెన్‌బర్గ్ బృందం కణాలను వేరు చేసే యంత్రానికి లేజర్ జోడించింది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే గురికి కట్టుబడిన యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఇక ఏ గ్రాహకానికి ఆ యాంటీబాడీ, దానికి రంగు తగిలించి లేజర్ ముందు నడిపించడమే.

సీడీ64 దగ్గర మాత్రం చిక్కు వచ్చిపడింది. మనం కొలవాలనుకున్నది యాంటీబాడీని పట్టుకునే గ్రాహకం, కొలిచే సాధనం కూడా యాంటీబాడీయే. చేతులతో గురి పట్టుకోవాల్సినది, తోక చిక్కుకుని నిలిచిపోవచ్చు. అలాంటి వెలుగు దొంగ వెలుగు. మరోవైపు, రక్తంలో ముందునుంచే ఉన్న యాంటీబాడీలు సీడీ64ను ఆక్రమించి కూర్చుంటాయి, దాంతో కొలిచేదానికి చోటు దొరకదు. అమెరికాలోని డార్ట్‌మత్‌లో పాల్ గైర్, మైకేల్ ఫ్యాంగర్ బృందం తయారుచేసిన 22, 32.2 అనే యాంటీబాడీలు ఈ రెండో చిక్కును దాటాయి. అవి గ్రాహకం మీద తోక పట్టుకునే చోటికి పక్కగా, వేరే భాగాన్ని పట్టుకుంటాయి. గ్రాహకం ఖాళీగా ఉన్నా నిండి ఉన్నా లెక్కలోకి వస్తుంది.

అప్పుడు కూడా తెరమీద కనిపించేది వెలుగు మాత్రమే, సంఖ్య కాదు. లేజర్ పాతబడితే వెలుగు తగ్గుతుంది, మీట కాస్త తిప్పితే పెరుగుతుంది. ఒక ఆస్పత్రి విలువ మరో ఆస్పత్రికి పనికిరాదు. అందుకే తెలిసినన్ని రంగు అణువులు అంటించిన ప్లాస్టిక్ పూసలను ముందు నడిపిస్తారు. ఎర్ర నాచుల నుంచి తీసిన ఫైకోఎరిత్రిన్ ఇందుకు బాగా పనికొచ్చింది. యాంటీబాడీకి ఒక్క అణువే తగిలిస్తే, పూసలతో పోల్చి ఒక్కో కణం మీద ఎన్ని గ్రాహకాలున్నాయో చెప్పవచ్చు. రోగి రక్తంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. లింఫోసైట్ల మీద సీడీ64 ఉండదు, మోనోసైట్ల మీద ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండూ వాటి చోట్ల లేకపోతే ఆ పరీక్షను నమ్మకూడదు. కీమోథెరపీ తర్వాత జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్ పడినవారిలో ఇన్ఫెక్షన్ లేకున్నా ఈ విలువ ఎగబాకుతుంది. ఆ సంగతి డాక్టరు ల్యాబుకు ముందే చెప్పాలి.

తెలుగు నేలకు ఈ యంత్రం కొత్తది కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో రక్త క్యాన్సర్ల రకం తేల్చేది దీనితోనే. 2004 ఏప్రిల్ 1న హెచ్ఐవీ ఉన్నవారికి ఉచిత మందులు మొదలైన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో సీడీ4 రకం తెల్లకణాల లెక్క తేల్చేది. ఆ లెక్క కోసం పరిశోధనశాలల్లోని ఖరీదైన యంత్రాన్ని కుదించి, సాధారణ టెక్నీషియన్ నడపగలిగేలా చేశారు. దేశంలో ఈ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో వాడిన వాటిలో గోడె స్థాపించిన పార్టెక్ కంపెనీ యంత్రాలూ ఉన్నాయి.

ఈ అనుభవం మెదక్‌కు పనికివస్తుందని నా నమ్మకం. గొట్టంలోని రక్తంలో సీడీ64 విలువ ఒక రోజు దాకా పెద్దగా మారదు, కాబట్టి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు శాంపిల్ పంపవచ్చు. కానీ సెప్సిస్‌లో గంటలే ప్రాణం, జవాబు మర్నాడు వస్తే ఏం లాభం? 2024లో ఈ పట్టణానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పరీక్షకు కావలసింది రెండు మూడు చుక్కల రక్తం, సుమారు గంట సమయం. వాటితోపాటు చిన్న సైటోమీటర్, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో దాచిన యాంటీబాడీ, పూసలు, రాత్రి డ్యూటీలోనూ ఉండే టెక్నీషియన్ కావాలి. ఇవి అందుబాటులో ఉంటే అర్ధరాత్రి మెదక్ ఆస్పత్రికి చేరిన జ్వరపీడితుడి న్యూట్రోఫిల్ మీది సీడీ64 లెక్క తెల్లవారకముందే డాక్టరు చేతిలో ఉంటుంది.