యూనిట్ – 7: డెస్క్‌టాప్ ఈ-మెయిల్ ప్రోగ్రాంలో సందేశాల వర్గీకరణ, వడపోత

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• సందేశాల వర్గీకరణకూ వడపోతకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో ఒక వడపోత నియమాన్ని సొంతంగా రాయగలుగుతారు.
• తెలుగు మాటలతో నియమాలు రాసేటప్పుడు వచ్చే పొరపాట్లను గుర్తించగలుగుతారు.
• అవసరమైన ఉత్తరం కనబడకుండా పోయే ప్రమాదాన్ని నివారించగలుగుతారు.

7.1 పరిచయం

కడప జిల్లాలో ‘గండి’ అనే మాట రెండు అర్థాల్లో వినబడుతుంది. కొండల వరసను చీల్చుకుని నది దారి చేసుకున్న చోటు గండి. వేంపల్లె దగ్గర పాపాగ్ని కొండల నడుమ నుంచి బయటపడే చోట వీరాంజనేయస్వామి గుడి ఉంది. ఆ క్షేత్రం పేరే గండి. జమ్మలమడుగు దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుపోయిన చోట గండికోట ఉంది. రెండో అర్థం సేద్యం చేసేవారందరికీ తెలుసు. చెరువు కట్ట తెగితే గండి పడిందంటారు.

అదే చెరువుకు తూము కూడా ఉంటుంది. తూములోంచి పోయేదీ నీరే, గండిలోంచి పోయేదీ నీరే. అయితే తూము దాటిన నీరు ఏ కాలువకు, ఏ మడికి చేరుతుందో మనకు తెలుసు. గండిలోంచి పోయిన నీటికి లెక్క లేదు. ఈ-మెయిల్‌లో వడపోత నియమం రాసే ప్రతిసారీ మనం కట్టకు ఒక దారి తెరుస్తున్నాం. అది తూము కావాలా, గండి కావాలా అన్నది మనం రాసే తీరును బట్టి ఉంటుంది. ఈ యూనిట్‌లో నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

దూరవిద్య విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. రోజూ తరగతికి వెళ్లే విద్యార్థి నోటీసు బోర్డు చూసుకుంటాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి చాలాసార్లు ఉత్తరమే నోటీసు బోర్డు. పరీక్ష రుసుము గడువును తెలిపే ఒక్క సందేశం వంద ప్రకటనల కింద పడి కనబడకపోతే ఒక సంవత్సరం వెనకబడవచ్చు.

7.2 వడపోత ఎందుకు వచ్చింది?

కంప్యూటర్ల మధ్య నెట్‌వర్క్ ద్వారా ఉత్తరం పంపే పద్ధతిని 1971లో రే టామ్లిన్‌సన్ రూపొందించాడు. చిరునామాలో మనం ఇప్పటికీ వాడే @ గుర్తును ఎంచుకున్నదీ ఆయనే. ఏడేళ్లు తిరక్కముందే, 1978లో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తన సంస్థ కంప్యూటర్ల ప్రచారం కోసం అర్పానెట్‌లో కొన్ని వందల మందికి ఒకే సందేశం పంపాడు. అడగని ప్రకటనల చరిత్ర అక్కడి నుంచి మొదలైందని చెబుతారు.

వచ్చిన ఉత్తరాలను వాడుకరి రాసిన నియమాల ప్రకారం కంప్యూటరే సర్దిపెట్టాలన్న ఆలోచనపై 1980లలో గట్టి కృషి జరిగింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో థామస్ మలోన్, ఆయన సహచరులు ‘ఇన్ఫర్మేషన్ లెన్స్’ అనే వ్యవస్థను రూపొందించి 1987లో దాని గురించి ప్రచురించారు. ‘ఫలానా లక్షణం ఉంటే, ఫలానా పని చెయ్యి’ అన్నదే అందులోని నియమాల స్వరూపం. ఈనాటి ప్రోగ్రాములూ ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా మొదలైంది. ఈ యూనిట్‌లో ఉదాహరణగా తీసుకుంటున్న మొజిల్లా థండర్‌బర్డ్ 1.0 రూపం 2004 డిసెంబరులో వెలువడింది. ఇది ఉచితంగా లభిస్తుంది. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌లో ఇదే సౌకర్యాన్ని ‘రూల్స్’ అంటారు. పేర్లు మారినా సూత్రం ఒకటే.

7.3 ముందు అరలు, తరవాత నియమాలు

కిరాణా కొట్టులో సరుకు దింపక ముందే అరలు సిద్ధం చేసుకుంటారు. ఇక్కడా అంతే. నియమం రాయబోయే ముందు, మీకు వచ్చే ఉత్తరాలను ఒక వారం పాటు గమనించండి. ప్రతి ఉత్తరాన్నీ చూసి ఒక ప్రశ్న వేసుకోండి: దీనితో నేను ఏం చెయ్యాలి? జవాబులు సాధారణంగా నాలుగు రకాలుగా ఉంటాయి.

(అ) గడువులోగా స్పందించవలసినవి: విశ్వవిద్యాలయం, అధ్యయన కేంద్రం పంపేవి.
(ఆ) చదివి జవాబు రాయవలసినవి: కౌన్సెలర్లు, తోటి విద్యార్థులు, బంధువులు రాసేవి.
(ఇ) దాచుకోవలసినవి: బ్యాంకు, కరెంటు బిల్లు రశీదులు.
(ఈ) తీరికగా చూడదగినవి, చూడకపోయినా నష్టం లేనివి: ప్రకటనలు.

ఇందులో (ఇ), (ఈ) రకాలకు మాత్రమే ఫోల్డర్లు తెరవండి. (అ), (ఆ) రకాలను ఇన్‌బాక్స్‌లోనే ఉంచి, వాటికి ట్యాగ్ తగిలించండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ముఖ్యమైన వాటిని ప్రత్యేకమైన ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను తెరవడం మరిచిపోతారు. బీరువా లోపలి అరలో దాచిన పట్టా పుస్తకం పని పడిన రోజున దొరకనట్టే అవుతుంది. కాబట్టి కదిలించవలసింది అక్కర తక్కువైనవాటిని. కళ్లెదుట ఉంచవలసింది ముఖ్యమైనవాటిని.

థండర్‌బర్డ్‌లో ఐదు ట్యాగులు సిద్ధంగా ఉంటాయి. సందేశాన్ని ఎంచుకుని కీబోర్డుపై 1 నుంచి 5 వరకు అంకెల్లో ఒకదాన్ని నొక్కితే ఆ ట్యాగ్ పడుతుంది. ట్యాగ్ పడిన సందేశం రంగు మారి కనబడుతుంది, ఉన్న చోటు నుంచి మాత్రం కదలదు.

7.4 నియమం రాసే పద్ధతి

‘టూల్స్’ మెనూలో ‘మెసేజ్ ఫిల్టర్స్’ను తెరిచి ‘న్యూ’ నొక్కండి. నియమానికి మూడు భాగాలుంటాయి.

మొదటిది పేరు, సమయం. ఏడాది తరవాత చూసినా అర్థమయ్యే పేరు పెట్టండి. కొత్త ఉత్తరాలు వచ్చినప్పుడు నియమం పనిచెయ్యాలా, మీరు నొక్కినప్పుడే పనిచెయ్యాలా అన్నది ఇక్కడే నిర్ణయించాలి.

రెండోది షరతు. పంపినవారు, విషయం, ఎవరికి, తేదీ, పరిమాణం వంటి అంశాల్లో ఏది, ఎలా ఉండాలో చెప్పాలి. ఒకటి కంటే ఎక్కువ షరతులుంటే, అన్నీ నెరవేరాలా, ఏ ఒక్కటి నెరవేరినా చాలా అన్నది ఎంచుకోవాలి. ఇక్కడ తప్పు చేస్తే నియమం అర్థమే మారిపోతుంది. ‘పంపినవారు బ్యాంకు’, ‘విషయంలో రశీదు’ అనే రెండు షరతులకు ‘అన్నీ’ అంటే బ్యాంకు రశీదులు మాత్రమే పోతాయి. ‘ఏ ఒక్కటైనా’ అంటే బ్యాంకు పంపిన హెచ్చరికలూ, లోకంలోని రశీదులన్నీ కలిసి పోతాయి.

మూడోది చర్య. ఫోల్డర్‌కు తరలించడం, నకలు పెట్టడం, ట్యాగ్ వేయడం, నక్షత్రం గుర్తు పెట్టడం, చదివినట్టు గుర్తించడం, తొలగించడం మొదలైనవి ఇందులో ఉంటాయి.

నియమాలు జాబితాలో పై నుంచి కిందికి వరసగా అమలవుతాయి. పై నియమం ఒక సందేశాన్ని వేరే ఫోల్డర్‌కు తీసుకుపోయాక కింది నియమానికి అది అందకపోవచ్చు. అందువల్ల ముఖ్యమైన ఉత్తరాలను గుర్తించే నియమాలను పైన, ప్రకటనల నియమాన్ని అట్టడుగున ఉంచండి.

7.5 తెలుగు మాటలతో వడపోత

కంప్యూటర్ మాటల అర్థాన్ని చూడదు, అక్షరాల వరసనే చూస్తుంది. ఒక ఉపాధ్యాయుడు తన పాఠశాల ఉత్తరాల కోసం ‘విషయంలో బడి అని ఉంటే’ అని షరతు పెట్టాడనుకుందాం. అప్పుడు బడితో పాటు పెట్టుబడి, దిగుబడి, రాబడి కూడా ఆ ఫోల్డర్‌లోకి వచ్చి కూర్చుంటాయి. చిన్న మాట పెద్ద మాటల కడుపులో ఉండడం తెలుగులో చాలా మామూలు.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. విభక్తులు చేరినప్పుడు మన మాటల చివర మారుతుంది. ‘పరీక్షలు’ అని షరతు పెడితే ‘పరీక్షల తేదీలు’ దొరకదు. ‘పరీక్ష’ అని మొదటి భాగం మాత్రమే ఇస్తే రెండూ దొరుకుతాయి. ‘ఫీజు’, ‘ఫీసు’ అని రెండు రకాలుగా రాసేవారున్నారు. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసేవారూ ఉన్నారు. వీటన్నిటినీ ‘ఏ ఒక్కటైనా’ కింద విడివిడిగా చేర్చాలి. యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్లలో రాసిన తెలుగు మనకు తెరపై తెలుగులా కనబడినా, లోపల ఉన్న సంకేతాలు వేరు కాబట్టి షరతుకు చిక్కదు.

అందువల్ల మాటల కంటే చిరునామాను నమ్ముకోవడం మేలు. పంపినవారి చిరునామాలో @ గుర్తు తరవాతి భాగాన్ని షరతుగా ఇవ్వండి. అయితే ఒక హెచ్చరిక. పంపినవారి పేరునూ చిరునామానూ మోసగాళ్లు అనుకరించగలరు. ‘బ్యాంకు’ ఫోల్డర్‌లో ఉంది కాబట్టి అది బ్యాంకు ఉత్తరమేనని అనుకోకూడదు. వడపోత ఉత్తరాన్ని సర్దుతుంది, దాని నిజాయితీకి హామీ ఇవ్వదు.

7.6 ఒక అనుభవం

పదవీ విరమణ తరవాత నాకు రోజూ వచ్చే ప్రకటనలతో విసిగి ఒక నియమం రాశాను. విషయంలో ‘ఆఫర్’ అనే ఇంగ్లీషు మాట ఉంటే తొలగించమని చెప్పాను. మరునాటి నుంచి ఇన్‌బాక్స్ తేటగా ఉంది. నేను మురిసిపోయాను.

కొన్ని వారాల తరవాత ఏదో వెతుకుతూ ట్రాష్ ఫోల్డర్ తెరిచాను. జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి ఉత్తరం అందులో ఉంది. తనకు ఉద్యోగం వచ్చిందనీ, నాలుగు రోజుల్లోగా నా నుంచి ఒక ధ్రువపత్రం కావాలనీ రాశాడు. దాని కింద అతనిదే మరో ఉత్తరం ఉంది: ‘సార్, మీకు వీలు కాలేదేమో, పరవాలేదు.’ రెండింటి విషయమూ ‘ఆఫర్ లెటర్’. గడువు దాటి పద్దెనిమిది రోజులైంది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. మరొక అధ్యాపకుని దగ్గర పత్రం తీసుకున్నాడు కాబట్టి ఉద్యోగానికి నష్టం రాలేదు. కానీ ఆ పద్దెనిమిది రోజులూ నేను తనను పట్టించుకోలేదని అతను అనుకున్నాడు. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. నేను చెప్పిందే చేసింది. తూము పెట్టవలసిన చోట గండి కొట్టింది నేనే.

అప్పటి నుంచి మూడు కట్టుబాట్లు పాటిస్తున్నాను. మీరూ పాటించండి.

1. నియమంలో ‘తొలగించు’ అనే చర్యను వాడకండి. ప్రకటనలను ఒక ఫోల్డర్‌కు తరలించండి. తొలగించే పనిని మీ చేత్తోనే చెయ్యండి.
2. కొత్త నియమానికి మొదటి వారం ట్యాగ్ మాత్రమే చర్యగా ఇవ్వండి. ‘రన్ నౌ’ నొక్కి పాత ఉత్తరాలపై కూడా పరీక్షించండి. ట్యాగ్ పడకూడని ఉత్తరానికి పడితే షరతు సరిదిద్దండి. ఆ తరవాతే తరలింపు.
3. వారానికొకసారి, ఒక నిర్ణీత రోజున, ప్రకటనల ఫోల్డర్, జంక్, ట్రాష్ ఈ మూడింటినీ పై నుంచి కిందికి ఒకసారి చూడండి.

7.7 ప్రోగ్రాం మూసి ఉన్నప్పుడు

థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో రాసిన నియమాలు ఆ ప్రోగ్రాం తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. కంప్యూటర్ ఆపి ఉంటే, ఫోన్‌లో మీకు అన్ని ఉత్తరాలూ కలగాపులగంగానే కనబడతాయి. ఐమాప్ పద్ధతిలో అనుసంధానమైన ఖాతా అయితే, మీరు కంప్యూటర్ తెరవగానే జరిగిన సర్దుబాటు సర్వర్‌లోనూ జరిగి, ఫోన్‌లో కూడా కనబడుతుంది. ఫోన్‌లో ఉదయం చూసిన ఉత్తరం సాయంత్రానికి ఇన్‌బాక్స్‌లో లేకపోతే కంగారు పడకండి, ఫోల్డర్లలో చూడండి.

జంక్ వడపోత వేరు. దానికి మీరు షరతులు రాయరు. ఏది జంక్, ఏది కాదు అని మీరు గుర్తించే కొద్దీ ఆ ఉత్తరాల్లోని మాటలను బట్టి ప్రోగ్రాం నేర్చుకుంటుంది. జంక్‌లో పడిన మంచి ఉత్తరాన్ని ‘జంక్ కాదు’ అని గుర్తించడం అందుకే అవసరం.

7.8 సారాంశం

వర్గీకరణ అంటే ఏ ఉత్తరంతో ఏం చెయ్యాలో నిర్ణయించుకోవడం. వడపోత అంటే ఆ నిర్ణయాన్ని నియమంగా రాయడం. ముఖ్యమైనవి కళ్లెదుట ఉండాలి, తక్కువ అక్కరైనవి పక్కకు జరగాలి. షరతు రాసేటప్పుడు చిరునామా మాట కంటే నమ్మదగినది. తొలగించే నియమం కంటే తరలించే నియమం మంచిది. ఏ నియమం రాసినా, అది పంపిన ఉత్తరం ఎక్కడికి చేరిందో మీరు చెప్పగలగాలి.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ముఖ్యమైన ఉత్తరాలను ప్రత్యేక ఫోల్డర్‌కు తరలించడం కంటే ట్యాగ్ వేయడం ఎందుకు మేలు?
2. ‘కల’ అనే మాటను షరతుగా ఇస్తే చిక్కుకునే వేరే మాటలు నాలుగు రాయండి.
3. ‘అన్నీ’, ‘ఏ ఒక్కటైనా’ అనే ఎంపికల మధ్య భేదాన్ని మీ సొంత ఉదాహరణతో వివరించండి.
4. కృత్యం: మీ అధ్యయన కేంద్రం నుంచి వచ్చే ఉత్తరాలకు ట్యాగ్ వేసే నియమం రాయండి. వారం తరవాత అది పట్టుకోలేకపోయిన ఉత్తరాలు ఎన్నో లెక్కించి, షరతును సవరించండి.