చప్పుడుకు ముందే మూయవలసిన చెవి: ఒక చిన్న బిరడా చరిత్ర

పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో అడవికీ సేద్యానికీ మధ్య ఒక గట్టు తప్ప వేరే హద్దు లేని పొలాలు చాలా ఉన్నాయి. వేరుశనగ, రాగి, చెరకు, టమాట పండే ఈ చేలలోకి అడవిపందులు దిగడం తరతరాలుగా ఉన్నదే కాగా, 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు తరలివచ్చి ఇక్కడ నిలదొక్కుకోవడం, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడటం జరిగాక రాత్రి కాపలా ఇక్కడి రైతుకు తప్పనిసరి అయింది. ఈ కాపలాకు ఉన్న ముఖ్యమైన ఆయుధం చప్పుడే: డబ్బాలు, డప్పులు, టపాసులు, కొన్నిచోట్ల తుపాకి. పంటను కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వడానికి 1959 నాటి ఆయుధాల చట్టంలోనే వీలుంది. లైసెన్సు లేని నాటు తుపాకి ఉంచుకోవడమూ, అనుమతి లేకుండా వన్యప్రాణిని చంపడమూ మాత్రం నేరాలు. చట్టం గురించీ, తుపాకి పేలి చేతులు పోవడం గురించీ అంతో ఇంతో చర్చ జరుగుతూనే ఉన్నా, ఆ చప్పుడు చేసే మనిషి చెవి ఏమవుతున్నదన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. ఆ చెవిని కాపాడటానికి పుట్టిన సాధనం చిటికెన వేలి కొస కంటె పెద్దది కాదు. దాని చరిత్ర మాత్రం చిన్నది కాదు.

శబ్దమంటే గాలిలో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులు. వాటి పరిమాణాన్ని డెసిబెల్ అనే కొలతతో చెబుతారు. ఈ కొలతలో ప్రతి 20 డెసిబెల్‌ల పెరుగుదలకు ఒత్తిడి పది రెట్లవుతుంది కనుక, అంకెల్లో కొద్దిపాటిగా కనిపించే తేడా చెవికి చాలా పెద్ద తేడా. మామూలు సంభాషణ 60 డెసిబెల్‌ల దగ్గర ఉంటుంది. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి భరించరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. క్షణంలో పుట్టి క్షణంలో పోయే పేలుడు శబ్దానికి గంటల లెక్క పనికిరాదు కాబట్టి దానికి వేరే గీత గీశారు: 140 డెసిబెల్‌ల శిఖరస్థాయిని దాటిన శబ్దాన్ని రక్షణ లేని చెవి ఒక్కసారి కూడా వినకూడదు. ఎన్‌సీసీ విద్యార్థులు సాధన చేసే పాయింట్ 22 రైఫిల్ సుమారుగా ఈ గీత మీదే ఉంటుంది. 12 బోరు తుపాకి, పెద్ద రైఫిళ్ళు 150 నుంచి 170 వరకు పోతాయి. నాటు తుపాకిలో మందును చేతి అంచనాతో కూరుతారు కనుక దాని చప్పుడు ప్రతిసారీ ఒకే తీరుగా ఉండదు. టపాసుల విషయంలో మన దేశపు నిబంధన నాలుగు మీటర్ల దూరంలో 145 డెసిబెల్‌ల శిఖరస్థాయి మించకూడదంటుంది. అయితే దూరం సగమైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది కాబట్టి, ఏనుగు మీదికి టపాసు విసిరే మనిషికి ఆ నాలుగు మీటర్ల లెక్క పెద్దగా ఊరట ఇవ్వదు.

చెవికి సొంత రక్షణ ఏర్పాటు లేకపోలేదు. కర్ణభేరి మీద పడిన కంపనాన్ని కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి చేరవేస్తాయి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు అంకవన్నెకు అంటిన సన్నని కండరం బిగుసుకుని ఆ చేరవేతను కొంత తగ్గిస్తుంది. కాని కండరం బిగియడానికి సెకనులో పదో వంతు వరకు పట్టవచ్చు. తుపాకి చప్పుడు శిఖరానికి చేరడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. ఉరుములకూ జలపాతాలకూ అలవాటుపడిన ప్రకృతి మందుగుండును ఊహించలేదన్నమాట. అడ్డులేకుండా లోపలికి పోయిన ఆ ఒత్తిడి, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తంలోని రోమకణాలను దెబ్బతీస్తుంది. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే ఈ కణాలు ఒక్కో చెవిలో సుమారు 15,000 ఉంటాయి. పక్షుల్లో ఇవి చచ్చినా తిరిగి మొలుస్తాయి గాని, మనిషిలో మొలవవు.

నష్టం ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. తుపాకి దెబ్బకు మొదట పోయేది 4,000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల ఉండే కీచు స్వరాల వినికిడి. కుడిచేతివాటం మనిషికి ఎడమ చెవిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద తుపాకిని కుడి భుజానికి ఆన్చినప్పుడు ఎడమ చెవి తుపాకి మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది కనుక అటువంటి మనిషికి మాట వినిపిస్తూనే ఉంటుంది. స, శ, చ వంటి హల్లులు జారిపోవడంతో ఆ మాట ఏమిటో తెలియదు. ఎండుటాకుల గలగల, వేరుశనగ చేలో పంది కదిలే సరసర కూడా ఎక్కువగా ఈ పై స్వరాల్లోనే ఉంటాయి. జంతువు అలికిడి వినపడదేమోనని చెవి మూసుకోకుండా తుపాకి పేల్చే కాపలాదారు, ఆ అలికిడినే ఏడాదికి ఇంత చొప్పున పోగొట్టుకుంటాడు. చెవి రక్షణ సాధనాలను తయారుచేసినవారు వంద ఏళ్ళకు పైగా కుస్తీ పట్టినది ఈ చిక్కుతోనే.

చెవి మూసుకోవడం పాత ఆలోచనే. గ్రీకు మహాకావ్యం ఒడిస్సీలో నావికులు మైనంతో చెవులు మూసుకుంటారు. తుపాకి యుగంలో మాత్రం చెవుడును సైనికుడి వృత్తిలో భాగంగా చూశారే తప్ప నివారించదగిన గాయంగా చూడలేదు. 1884లో తనంత తానే గుళ్ళు కురిపించే మరతుపాకిని రూపొందించిన హైరమ్ మాక్సిమ్, దాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించి పరీక్షించి చెవిటివాడయ్యాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకి మూతికి తగిలించే సైలెన్సరుకు పేటెంటు పొందాడు. గుండు ధ్వనివేగాన్ని మించి పోతున్నప్పుడు గాలిలో పుట్టే చురుకైన పగులు శబ్దాన్ని సైలెన్సరు ఆపలేదు కనుక, తుపాకి నోరు మూయడం కంటె చెవి మూయడమే సులువని తేలింది.

ఆ పనికి దిగినవారిలో మొదట గెలిచినవాడు జర్మన్ ఔషధ వ్యాపారి మాక్స్ నెగ్వర్. మైనం, వాజెలిన్, దూది కలిపి ఆయన 1907లో బెర్లిన్‌లో తయారుచేయడం మొదలుపెట్టిన ఓరోపాక్స్ బిరడాలు నగరపు రణగొణ నుంచి నిద్రను కాపాడటానికి పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకు చేరాయి. రెండో యుద్ధంలో అమెరికా సైన్యం కోసం హార్వర్డ్ శాస్త్రజ్ఞుల పరీక్షల నడుమ రూపొందిన వి-51ఆర్ అనే రబ్బరు బిరడాకు వేరువేరు సైజులు పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే చెవి దారి అందరికీ ఒకేలా ఉండదు. ఒకే మనిషికి రెండు వైపులా ఒకేలా ఉండకపోవచ్చు. సన్నని సందు మిగిలినా రక్షణ చాలావరకు పోతుంది. చెవుల మీద కప్పులా కూర్చునే ఇయర్‌మఫ్‌లు జెట్ విమానాల కాలంలో, 1950ల నాటికి, వాడుకలోకి వచ్చి సైజుల బెడదను తప్పించాయి గాని, బరువునూ చెమటనూ తెచ్చిపెట్టాయి.

అసలైన మలుపు అనుకోకుండా వచ్చింది. 1967లో అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కార్పొరేషన్‌లో రాస్ గార్డ్‌నర్, ఆయన సహచరులు అతుకుల సందులను మూసే పదార్థం కోసం పనిచేస్తుండగా, నలిపితే అణిగి, వదిలిన తరువాత తొందరపడకుండా నెమ్మదిగా తన ఆకారానికి తిరిగి వచ్చే నురుగు ప్లాస్టిక్ వారి చేతికి చిక్కింది. ఆ నెమ్మదితనమే దాని విలువ. వేళ్ళ మధ్య సన్నగా నలిపి చెవిలో పెడితే, అది ఉబ్బే లోపు చోటు చేరుకుంటుంది; ఉబ్బిన తరువాత ఆ చెవి దారి ఆకారాన్నే తీసుకుంటుంది. 1972లో అమ్మకానికి వచ్చిన ఈ నురుగు బిరడా సైజుల సమస్యను దాదాపు తుడిచిపెట్టింది. సరిగా పెడితే ఇది ముప్పై డెసిబెల్‌ల దాకా కోత పెట్టగలదు. నలపకుండా, పైపైన తోసి వదిలేస్తే అందులో సగం కూడా దక్కదు. పెట్టే పద్ధతి ఇది: బిరడాను సన్నగా చుట్టి, అవతలి చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దించి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. పెద్ద తుపాకులకు బిరడాతో పాటు ఇయర్‌మఫ్ కూడా పెట్టడం మంచిది, అయితే రెండూ కలిపినంత మాత్రాన రెండింటి కోతలూ కూడవు. తల ఎముక గుండా కొంత శబ్దం ఎలాగూ లోపలికి చేరుతుంది కాబట్టి అదనంగా దక్కేది సుమారు 5 డెసిబెల్‌లే.

అలికిడి వినపడాలి, పేలుడు వినపడకూడదు అన్న చిక్కు మాత్రం నురుగుతో తీరలేదు. ఫ్రాన్సు, జర్మనీ ఉమ్మడిగా నడిపే సెయింట్ లూయీ పరిశోధన సంస్థలో రూపొందిన బిరడాలో అతి సన్నని రంధ్రం ఉంటుంది: చిన్న శబ్దం దాని గుండా సాఫీగా పోతుంది, పేలుడు వచ్చినప్పుడు అక్కడ గాలి సుడులు తిరిగి తనకు తానే అడ్డుపడుతుంది. ఈ సూత్రంతో అమెరికా సైన్యానికి సరఫరా అయిన కంబాట్ ఆర్మ్స్ బిరడా పొట్టిదై, తెలియకుండా చెవిలో వదులైపోతున్నదని లక్షల మంది సైనికులు, మాజీ సైనికులు దావాలు వేయగా, దాన్ని అమ్మిన త్రీఎమ్ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2023లో 600 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఇదే కోరికను ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు మరో దారిలో తీరుస్తాయి. బయటి మైకు చిన్న శబ్దాలను లోపలి స్పీకరుకు అందిస్తుంది, పెద్ద శబ్దం రాగానే ఆ సరఫరా కుదించుకుపోతుంది, కప్పు మాత్రం ఎప్పటిలా అడ్డుగానే ఉంటుంది. ఒలింపిక్ తరహా పోటీల్లో ఇటువంటి శబ్ద గ్రాహకాలను క్రీడాకారులకు అనుమతించరు; గగన్ నారంగ్, ఈషా సింగ్ వంటి షూటర్లను అందించిన హైదరాబాదులో ఇప్పుడు సాధన చేసే పిల్లలకైనా మామూలు బిరడా, మామూలు మఫ్‌లే గతి.

సాధనం ఇంత సులువైనా దాన్ని పెట్టుకోవడంలో మరుపు ఎందుకు వస్తుంది? ఉద్వేగంలో ఉన్న మనిషి తన తుపాకి చప్పుడును దాదాపు వినడు. మెదడు దృష్టినంతా గురి మీద పెట్టి శబ్దాన్ని పక్కకు నెడుతుంది. చప్పుడు తెలియలేదు కనుక దెబ్బ తగలలేదని అతడు అనుకుంటాడు గాని, మెదడు పట్టించుకోని ఆ ఒత్తిడి రోమకణాలకు ఏమాత్రం తగ్గకుండానే చేరుతుంది. తరువాత చెవులు గుయ్యిమనడం, దిబ్బడ వేసినట్టుండటం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోవచ్చు; తగ్గింది కాబట్టి ఏమీ కాలేదనుకోవడం రెండో పొరపాటు, ఎందుకంటే వినికిడి పరీక్షలో కనపడని నాడీ నష్టం మిగిలిపోవచ్చని జంతువుల మీది పరిశోధనలు చూపుతున్నాయి. ఇటువంటి మరుపుకు జ్ఞాపకశక్తి మందు కాదు, ఏర్పాటే మందు. తీగతో కలిపిన బిరడాల జత మందుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దాన్ని జేబులో కాక తుపాకి పట్టీకే కట్టి ఉంచాలి, టపాసుల సంచిలోనూ ఒక జత వేయాలి, సాధన మైదానంలో శిక్షకుడు ఎదుటివాడి చెవులు చూడకుండా కాల్చమని ఆజ్ఞ ఇవ్వకూడదు. హోరు మరునాటికీ తగ్గకపోతే వాయిదా వేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుడిని కలవాలి.