చక్రములమీది యిల్లు: దాని యాహారము, దాని హెచ్చరికలు

దశరథ మహారాజు దేవాసుర యుద్ధమున పోరుచుండగా రథపు టిరుసు విఱిగెననియు, రాజు దానిని గమనింపలేదనియు, ప్రక్కనున్న కైకేయి కనిపెట్టి తన చేతినే యాధారముగా నిలిపెననియు పురాణకథ కలదు. వరములు కోరినందులకు కైకను నిందించుటయే కాని, ఆ వరములు ఆమెకు ఏల లభించెనో తలచుకొనుట యరుదు. బండి నడుపువారి దృష్టి దారిమీద నుండును; బండిలోని లోపమును ప్రక్కనున్నవారు ముందుగా కనిపెట్టుట వింత గాదు. కనిపెట్టియు ఊరకుండినచో నేమగునో మాకు స్వానుభవమున తెలిసివచ్చినది. దానిని మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

2024 దసరా సెలవులలో మేమును, మావారును, మా పదేండ్ల బాలికయు, స్కాట్లండు దేశమున గ్లాస్గో పట్టణమందు ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింటికి పోయితిమి. “అక్కా, హోటళ్లలో బస యెందుకు? చక్రములమీది యింటిలోనే కొండలకు పోవుదము” అని తమ్ముడు నాలుగు దినములకు మోటారుహోము నొకదానిని అద్దెకు తెచ్చెను. సరకులు మోయు వ్యానుమీద నొక చిన్న యిల్లు కట్టినట్లుండును ఆ బండి. పడకలు, పొయ్యి, చలిపెట్టె, నీటితొట్టి, స్నానపుగది, అన్నియు నందే కలవు. అందుచేత ఆ బండిని చూచుకొనుట సగము సారథ్యము, సగము గృహకృత్యము.

మన వంటయింటిలో ఉప్పునకు, పంచదారకు వేఱువేఱు డబ్బా లున్నట్లు, ఈ బండికి వెలుపల వేఱువేఱు మూతలు గలవు. ఒకటి డీజిలునకు, దాని ప్రక్కనే నీలిమూత గలది యాడ్‌బ్లూ అను ద్రవమునకు, ఇంకొకటి నీటికి. వంటగ్యాసు సిలిండరునకు ప్రత్యేకముగా ఒక అర గలదు. ఉప్పునకు బదులు పంచదార పడినచో కూర పారబోసి ఊరకుందుము. ఇచ్చట పొరపాటు పడినచో ఇంజనే పాడగును. నీటితొట్టిలో డీజిలు పోసికొని తొట్టిని, గొట్టములను మార్పించుకొన్నవారును గలరట.

మన యూరి బంకులలో పనివారు వచ్చి పోయుదురు. ఆ దేశమున సాధారణముగా ఎవరి బండికి వారే పోసికొనవలెను. బ్రిటనులో పెట్రోలు పిడి పచ్చగాను, డీజిలు పిడి నల్లగాను ఉండును. అమెరికాలోనో, అనేకచోట్ల పచ్చపిడి డీజిలుది. కావున రంగును నమ్మక, పిడిమీది పేరును, మూతమీది పేరును చదివి పోల్చుకొనవలెను. యూరోపు దేశములలో 2018 అక్టోబరు నుండి పెట్రోలునకు వృత్తములో ‘ఇ’ అక్షరమును, డీజిలునకు చతురస్రములో ‘బి’ అక్షరమును గల గుర్తులు వచ్చినవి. భాష రానివారికిని ఇవి యుపకరించును.

రెండును నూనెలే గదా, భేదమేమి యందురేమో. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వచే ఇంధనము మండును. డీజిలు ఇంజనులో ఆ రవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడిమికే డీజిలు మండును. అంతేకాక డీజిలునకు జిడ్డు గలదు. ఆ జిడ్డే దాని పంపునకు కందెన. పెట్రోలు ఆ జిడ్డును కడిగివేయుటచే లోహభాగములు ఒండొంటితో రాచుకొని, రాలిన పొడి సన్నని రంధ్రములకెల్ల ప్రాకును. పెట్రోలు గొట్టము సన్ననిది గనుక డీజిలు టాంకులో సులభముగా దూరును. డీజిలు గొట్టము లావగుటచే పెట్రోలుబండిలో సామాన్యముగా దూరదు. అందుచేత ఈ ప్రమాదము డీజిలుబండివారికే యెక్కువ. పొరపాటు జరిగెనని తెలిసినచో తాళపుచెవి త్రిప్పరాదు. ఇంజను కదలకున్నను చెవి త్రిప్పినంతనే పంపు పనిచేయ నారంభింపవచ్చును. బంకువారితో చెప్పి, బండిని ప్రక్కకు త్రోయించి, టాంకును ఖాళీ చేయించుటయే మార్గము. “కొంచెమే గదా, పైన డీజిలు నింపినచో సరిపోవును” అనువారి మాట వినరాదు.

ఇక మా సంగతి. బయలుదేఱిన దినముననే, లోమండు సరస్సు ప్రక్కగా పోవుచుండగా, తమ్ముని యెదుటి పలకలో పసుపుదీప మొకటి వెలిగి, క్రింద నేవో అంకెలు కనబడెను. మేము ప్రక్కసీటులో నుంటిమి. “ఏమది నాయనా?” అని అడిగితిమి. “పసుపే గదా అక్కా, ఎఱ్ఱది కాదు. అన్నియు నింపియే యిచ్చినామని అద్దెవారు చెప్పిరి” అనెను. వెనుకనుండి మావారు, “వానిని నడపనిమ్ము” అనిరి. బండి సంగతి మాకేమి తెలియునని మేమును ఊరకుంటిమి.

మఱునాడు గ్లెన్‌కో లోయలో ఆ అంకె 110 మైళ్లకు దిగెను. దాని క్రిందనున్న వాక్యమును మా బాలిక బిగ్గరగా చదివెను: ఆ దూరము గడచిన పిమ్మట ఇంజను మరల కదలదట! చుట్టును కొండలు, పైని వాన, మా మరదలి యొడిలో ఆఱుమాసముల పసిబిడ్డ. తమ్ముని ముఖము పాలిపోయెను. బండి నాపి, సొరుగులోని పుస్తకమును తెఱచి చదివితిమి. తరిగినది యాడ్‌బ్లూ.

ఇది ఇంధనము గాదు. నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన శుద్ధజలము. దీనిని పొగగొట్టములోనికి చల్లగా, పొగలోని నైట్రోజను ఆక్సైడులను విషవాయువులు నైట్రోజనుగాను నీటియావిరిగాను మారును. ఇది తీరుటకు సుమారు 2400 కిలోమీటర్ల ముందే బండి హెచ్చరింపవలెననియు, పూర్తిగా తీరిన పిమ్మట ఒకసారి ఆపిన ఇంజను మరల కదలరాదనియు అచ్చటి నియమము. అనగా ఆ బండి మాకు ముందు అద్దెకు తీసికొన్నవారికే మొఱపెట్టుకొన్నది, వినినవారు లేరు. మన దేశమునందును 2020 ఏప్రిలులో బి.యస్. 6 నియమము వచ్చినది మొదలు అనేక డీజిలు లారీలకును, బస్సులకును ఈ ద్రవమునే పోయుచున్నారు.

ఫోర్టువిలియము చేరి, బంకులో పదిలీటర్ల డబ్బా కొంటిమి. మావారు ఉత్సాహముతో దానిని తెఱచి పెద్ద నల్లమూత తీసిన రంధ్రమువైపు వంచుచుండిరి. ఈ పర్యాయము మేము ఊరకుండలేదు. “ఆగుడు! అది డీజిలుది, నీలిమూత ప్రక్కన నున్నది” అని కేక వేసితిమి. యాడ్‌బ్లూ డీజిలుటాంకులో పడినచో యూరియా స్ఫటికములై గట్టిపడి పంపును, గొట్టములను పాడుచేయును. పదిమందిలో భార్య కేక వేసినందులకు మావారు ఒక క్షణము చిన్నబుచ్చుకొన్నను, మూతమీది వ్రాత చదివి డబ్బా దింపిరి. ఆ సాయంకాలము వారే తమ్మునితో, “మీ అక్క నేడు మనలను కాపాడినది. నిన్న నేను ఆమె నోరు మూయించుటయే తప్పు” అనిరి.

దీపముల భాష కష్టమైనది గాదు. ఎఱుపు వెలిగినచో క్షేమమైనచోట వెంటనే నిలుపవలెను. నూనెకుండ బొమ్మ ఎఱ్ఱగా వెలిగినచో ఇంజనునకు కందెన అందుట లేదని యర్థము. మఱియొక మైలు పోవుదమనుట ఇంజనును చంపుకొనుటయే. అలలమీద ఉష్ణమాపకపు బొమ్మ వెలిగినచో ఇంజను కాగిపోవుచున్నది; ఆపి, చల్లారువఱకు నీటిమూతను తెఱవరాదు, మరుగునీరు పైకి చిమ్మును. పసుపు వెలిగినచో తొందర లేదు గాని, ఉపేక్షయు కూడదు. ఇంజను బొమ్మ నిలుకడగా వెలిగినచో మెల్లగా పోయి చూపించుకొనవలెను. మిణుకుమిణుకుమనినచో నిలుపుటయే మేలు. డీజిలుబండిలో మసిని పట్టు జల్లెడ యొకటి గలదు. కొంచెము కొంచెము దూరములే తిరిగినచో అది మూసికొని పసుపుదీపము వెలుగును. అప్పుడు విశాలమైన రోడ్డుమీద పదిపదునైదు నిమిషములు గంటకు 40 మైళ్లకు మించిన వేగముతో పోయినచో మసి తనంత కాలిపోవును. బిడ్డకు ఒడలు వెచ్చబడినపుడే చూచుకొను తల్లికి, సంధి పుట్టువఱకు ఆగరాదని ఎవరును చెప్పనక్కఱ లేదు గదా!

వంటగ్యాసు సంగతియు చెప్పవలెను. గ్లెన్‌కోలో బసచేసిన మొదటిరాత్రి మంచు పేరెను. తెల్లవారుజామున పసిబిడ్డ పాలకు నీళ్లు కాచబోగా పొయ్యిమంట సన్నగిల్లి ఆరిపోయెను. సిలిండరు చూడగా నిండుగానే యున్నది. బిడ్డ యేడ్పు విని ప్రక్కబండిలోని వృద్ధురా లొకతె ఫ్లాస్కుతో వేడినీళ్లు తెచ్చియిచ్చి, సిలిండరు చూచి, “ఇది బ్యూటేను, చలికి పనికిరాదు” అని చెప్పెను. బ్యూటేను సున్న డిగ్రీల చలిలో ఆవిరి కాక ద్రవముగనే యుండిపోవును. ప్రొపేను సున్నకు 42 డిగ్రీల దిగువవఱకు ఆవిరియగును. మన యిండ్లకు వచ్చు సిలిండరులో ఈ రెంటి మిశ్రమ ముండును. మన యెండలకు అది చాలును. మంట రాలేదని సిలిండరును వేడిచేయుట ప్రాణాపాయము. చలికని పొయ్యి వెలిగించుకొని తలుపులు మూసి పరుండుటయు అట్టిదే. వాసన లేని కార్బను మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. బంకులోనికి పోవుటకు ముందే పొయ్యిని, గ్యాసుతో నడచు చలిపెట్టెను ఆర్పవలెను. మఱునాడు దుకాణదారునిచే గొట్టము మార్పించి ప్రొపేను సిలిండరు పెట్టించుకొంటిమి.

విదేశములందున్న బిడ్డలయొద్దకు పోవు తల్లులు మనలో నెందఱో గలరు. అట్టి బండి యెక్కునపుడు అద్దెవారిని నాలుగు ప్రశ్నలడుగుడు: ఏ మూతలో నేమి పోయవలెను? యాడ్‌బ్లూ ఎంత యున్నది? సిలిండరులో నే గ్యాసున్నది? దీపము వెలిగినచో ఎవరికి ఫోను చేయవలెను? సమాధానములను కాగితమున వ్రాసి యెదుట నంటించుడు. బండి నడుపుట రానిచో చింత లేదు. చదువను, చూడను, చెప్పను వచ్చినచో చాలును.

మా బాలిక ఆ దీపముల బొమ్మలన్నియు నోటుపుస్తకములో వ్రాసికొని వచ్చినది. ఇప్పుడు ఊరిలో ఎవరి కారెక్కినను ముందుగా ఆ పలకను చూచి, వెలుగుచున్న దీపమేదో నడుపువారితో చెప్పుచున్నది. మేము వారింపుట లేదు.